ఏడేళ్లు వాడిన టార్క్ రెంచ్: ఒక సమీక్ష

ఏడేళ్ల క్రితం చక్రం నట్టు ఒకటి ఎంతకూ రాకపోవడంతో స్పానరుకు పైపు తొడిగి తిప్పాను; నట్టుకు బదులు అది ఎక్కే మరల కడ్డీ, అంటే స్టడ్డు, తెగి చేతికి వచ్చింది. అంతకుముందు ఆ నట్టును ఎవరో లెక్కాపత్రం లేకుండా బిగించారు. ఆ వారమే టార్క్ రెంచ్, అంటే ఎంత బిగించాలో ముందే అమర్చుకోగల స్పానరు, కొన్నాను. అరంగుళం డ్రైవు (సాకెట్ తగిలించే చతురస్రపు మొన), 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలమానం) కొలత, అమర్చిన బిగింపు రాగానే ‘టక్’మనే రకం. అప్పటి నుంచి ఇంట్లోని రెండు కార్లకూ అదే వాడుతున్నాను.

చక్రాల నట్లకు ఇంతకంటే మంచి పనిముట్టు అక్కర్లేదు. నా కారు మాన్యువల్ చెప్పిన 85 దగ్గర అమర్చి, ఎదురెదురు నట్లను వరుసగా బిగిస్తాను. పిడి మీది గుర్తు దగ్గర పట్టుకుని కుదుపు లేకుండా లాగాలి, శబ్దం రాగానే ఆపాలి. నమ్మకం కోసం మరో రెండుసార్లు టక్‌మనిపించే అలవాటు చాలామందికి ఉంది, కానీ దానివల్ల నట్టు అవసరానికి మించి బిగుసుకోవచ్చు. పొడిగా బిగించమన్న మరలకు నూనె రాయడం కూడా తప్పే. రాపిడి తగ్గడం వల్ల అదే 85 దగ్గర స్టడ్డు మీద పడే లాగుడు చాలా పెరుగుతుంది.

నేను పొరపాటు చేసింది ఎంపికలో. కొలత 28 దగ్గర మొదలవుతోంది కదా అని, ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడు 35 న్యూటన్ మీటర్ల డ్రెయిన్ బోల్టును (పాత ఆయిల్ దించడానికి విప్పేది) కూడా దీనితోనే బిగించాను. పెద్ద బిగింపుల దగ్గర చేతికి స్పష్టంగా తగిలే ఆ టక్, కొలత అడుగు అంచున దాదాపు తెలియదు. అది రాలేదనుకుని ఇంకా లాగేసరికి అల్యూమినియం ఆయిల్ ఛాంబర్‌లోని మర ఊడిపోయింది. ఇలాంటి రెంచ్‌లను సాధారణంగా గరిష్ఠ సామర్థ్యంలో 20, 60, 100 శాతాల దగ్గర పరీక్షిస్తారని తర్వాత తెలుసుకున్నాను. 210లో 20 శాతమంటే 42. అంటే 35 దగ్గర దాని మాట నమ్మడానికి నాకు ఏ ఆధారమూ లేదు. ఆపైన 10 నుంచి 60 వరకు కొలిచే చిన్న రెంచ్ కొన్నాను. స్పార్క్ ప్లగ్గులు, డ్రెయిన్ బోల్టు ఇప్పుడు దాని వంతు. కొత్తగా కొనేవారు ముందు చిన్నదే కొనాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఉక్కు స్టడ్డు కొంత తప్పును ఓర్చుకుంటుంది, అల్యూమినియం మర ఓర్చుకోదు.

నాలుగో ఏట ఇంట్లోనే పరీక్షించాను. రెంచ్ చతురస్రపు మొనను బెంచ్ వైస్‌లో బిగించి, పిడిని నేలకు సమాంతరంగా ఉంచి, మొన మధ్య నుంచి సరిగ్గా 40 సెంటీమీటర్ల దూరంలో, పిడి గుర్తు మీద, తూకం వేసిన 20 కిలోల బరువు వేలాడదీశాను. 20ని 9.81తో, 0.4తో గుణిస్తే 78.5 వస్తుంది. రెంచ్ సొంత బరువు వల్ల వచ్చే సుమారు 2.5 కలిపితే 81. సరైన రెంచ్ అయితే 81 దాటి అమర్చాక టక్‌మనకూడదు. నాది 87 దగ్గర అమర్చినా ఆ 81కే మోగింది. అనుమతించే తేడా 4 శాతమే. నెలల తరబడి దాన్ని 85 మీదే వదిలేసి పెట్టెలో పెట్టడం వల్ల లోపలి స్ప్రింగ్ సడలిందని నా నమ్మకం.

సర్దుబాటు మరను నేను ముట్టుకోలేదు. బాలానగర్‌లో ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు ఇచ్చాను. వారు సర్దక ముందు, సర్దిన తర్వాత వచ్చిన అంకెలు రెండూ ధ్రువపత్రంలో రాసిచ్చారు. మొదటి అంకెలు కూడా అడిగి తీసుకోవాలి, అప్పుడే ఇంతకాలం చేసిన పని ఎంత తప్పిందో తెలుస్తుంది. టార్క్ రెంచ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 ప్రకారం 12 నెలలకో, 5000 బిగింపులకో ఒకసారి ఈ పరీక్ష అవసరం. ఇప్పుడు పని కాగానే కొలతను 28కి దించి పెడుతున్నాను, అంతకంటే కిందికి మాత్రం తిప్పను. నట్లు విప్పడానికి దీన్ని వాడటం పూర్తిగా మానేశాను. గత నెలలో అదే బరువు మళ్లీ వేలాడదీస్తే, 82 దాటాక టక్ ఆగిపోయింది.