పాత కాయిలోవర్లు: బాగా వాడాక, అమ్మబోయే ముందు

కాయిలోవర్ అంటే డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) చుట్టూ స్ప్రింగు ఉండి, ఎత్తు మార్చుకునే వీలున్న సస్పెన్షన్. అంతకుమించి, దానితో కారు ఎంత కిందికి దిగుతుందో ఇక్కడ రాయను. వాటి కోసం వెతికేవాళ్లకు ఆ సంగతులన్నీ తెలిసే ఉంటాయి. నాకు చెప్పాలనిపించింది ఒక్కటే. పాత సస్పెన్షన్ కొనేటప్పుడు బ్రాండ్ సంగతి తరవాత, ముందు ఆ డ్యాంపర్‌ని విప్పి, బాగు చేసి, మళ్లీ బిగించే వీలుందో లేదో చూడండి. నా సెట్టుకి ఆ వీలుంది కాబట్టే ఇంకా కారు కింద ఉంది. లేకపోతే ఎప్పుడో తుక్కులోకి పోయేది.

ముందు స్ప్రింగులు మిల్లీమీటరుకు 8 కిలోలు (అంటే ఒక మిల్లీమీటరు నొక్కుకోవడానికి పట్టే బరువు), వెనకవి 6. పౌండ్లలో లెక్కేసేవాళ్లు కిలోను 56తో గుణిస్తే అంగుళానికి ఎన్ని పౌండ్లో దాదాపు వచ్చేస్తుంది. డ్యాంపర్లు మోనోట్యూబ్ రకం, అంటే నూనే గ్యాసూ ఒకే గొట్టంలో ఉంటాయి. ఎత్తు మార్చాలంటే కింది బ్రాకెట్‌ని తిప్పాలి, కాబట్టి స్ప్రింగు ప్రీలోడ్ (ముందే నొక్కి పెట్టిన బిగువు) జోలికి పోనక్కర్లేదు. డ్యాంపర్ ఎంత గట్టిగా ఉండాలో మార్చే నాబ్ పైన ఉంది, దానికి 30 క్లిక్కులున్నాయి. అమ్మేవాళ్లందరూ ఈ క్లిక్కుల సంఖ్యనే గొప్పగా చెబుతారు. నా అనుభవంలో పూర్తిగా గట్టివైపు నుంచి లెక్కపెడితే మొదటి డజను దాకానే తేడా తెలుస్తుంది. ఆ తరవాత తిప్పినా తిప్పకపోయినా ఒకటే. లెక్క ఎప్పుడూ గట్టివైపు నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే నాబ్ కచ్చితంగా ఆగేది అక్కడే.

నాకు ఇవి అమ్మినాయన కూడా మనలాగే కార్ల పిచ్చివాడు. డబ్బా తెరిస్తే షాకులతో పాటు ఒక చిన్న సంచి దొరికింది. రెండు సి-స్పానర్లు (కాలర్లు తిప్పే కొక్కెం రెంచీలు), వాడని సీల్ కిట్టు, నాలుగు చక్రాల దగ్గర ఎత్తు ఎంత పెట్టాడో రాసిన కాగితం, డ్యాంపర్ లోపలి షిమ్‌ల (నూనె పారకాన్ని అదుపు చేసే పలచటి రేకుల) వరస రాసిన ఇంకో కాగితం. "రీబౌండ్ (షాక్ నొక్కుకున్నాక తిరిగి సాగడం) కొంచెం మెత్తగా చేయించాను అన్నా, ఎప్పుడైనా విప్పాల్సి వస్తే ఇది మెకానిక్‌కి చూపించు" అన్నాడు ఫోన్‌లో. ఆ రోజు పెద్దగా పట్టించుకోలేదు. స్పానర్లు వచ్చాయి కదా అని సంతోషపడ్డాను, అంతే.

చాలాకాలం ఏ గొడవా లేదు. తరవాత ముందు ఎడమ పక్క నుంచి టక్, టక్ మని చప్పుడు మొదలైంది. స్పీడులో వినపడదు. చిన్న చిన్న ఎత్తుపల్లాల మీద నెమ్మదిగా పోతుంటే మాత్రం ఆగకుండా కొడుతూనే ఉంటుంది. కారు దించాక ఇలాంటి చప్పుడు వస్తే అందరూ ముందు డ్రాప్ లింకుని (యాంటీ-రోల్ బార్‌ని సస్పెన్షన్‌కి కలిపే కడ్డీని) అనుమానిస్తారు. అది బాగానే ఉంది. లోయర్ ఆర్మ్ బుష్, బాల్ జాయింట్, పైన మౌంట్ బేరింగు అన్నీ చూశాం. స్ప్రింగు మీద చెయ్యి పెట్టి, ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమంటే, బేరింగు పట్టేస్తున్నప్పుడు స్ప్రింగు మెలితిరిగి ఒక్కసారిగా వదిలిన జర్కు చేతికి తెలుస్తుంది. అదీ లేదు.

చివరికి స్ట్రట్ (స్ప్రింగూ డ్యాంపరూ కలిసిన మొత్తం) బయటికి తీసి, స్ప్రింగు విప్పి, షాఫ్ట్‌ని కప్పే డస్ట్ బూట్ పైకి లాగాం. లోపలంతా నూనె. షాఫ్ట్ మీద పలచటి తడి ఉంటే భయపడక్కర్లేదు, సీల్ తన పని చేసుకుంటోందనే అర్థం. ఇది అలాంటిది కాదు, కారి కింద దుమ్ముతో కలిసి నల్లటి ముద్దయింది. అప్పుడు మెకానిక్ రెండు పక్కల డ్యాంపర్లనీ బల్ల మీద నిలబెట్టి, షాఫ్టులను అరచేత్తో కిందికి నొక్కి వదిలాడు. కుడిపక్కది నింపాదిగా తనంతట తానే పైకి లేచింది. ఎడమది సగంలోనే ఉండిపోయింది. మోనోట్యూబ్‌లో నైట్రోజన్ ఒత్తిడి ఉన్నంతకాలం షాఫ్ట్‌ని బయటికి నెడుతూనే ఉంటుంది. లేవడం లేదంటే గ్యాస్ పోయినట్టే. స్ప్రింగు బిగించి ఉన్నప్పుడు ఈ లోపం బయటపడదు. కారుని చేత్తో ఊపి చూసి "షాకులు బాగున్నాయి" అనేవాళ్ల మాట అందుకే నేను నమ్మను.

కారణం చాలా చిన్నది. డస్ట్ బూట్ ఒక చోట చిరిగి ఉంది. అందులోంచి రాయి ఎగిరి తగిలిందేమో, షాఫ్ట్ క్రోమ్ మీద చిన్న గుంట పడింది. కంటికి సరిగా కనపడదు కానీ, గోటితో గీస్తే అక్కడ తగులుతుంది. డ్యాంపర్ కదిలిన ప్రతిసారీ ఆ గుంట అంచు సీల్‌ని కోస్తూ వచ్చింది.

ఆ సంచి విలువ అప్పుడు తెలిసింది. షాఫ్ట్‌కి కొత్తగా క్రోమ్ పూత వేయించాం. సీల్ కిట్టు చేతిలోనే ఉంది కాబట్టి ఎక్కడా వెతకక్కర్లేదు. లోపలి షిమ్‌లను కాగితంతో పోల్చి చూస్తే వరస సరిగ్గా కలిసింది. అది లేకపోతే మెకానిక్ కంపెనీ లెక్క ప్రకారం బిగించేవాడు, ఎడమ పక్క ఒక రకంగా, కుడిపక్క ఇంకో రకంగా తయారయ్యేది. నూనె మార్చి, నైట్రోజన్ నింపి, రెండో డ్యాంపర్‌కి కూడా అదే పని చేయించాను. కారు ఎక్కి మొదటి మలుపు తిప్పగానే తేడా తెలిసింది. చప్పుడు పోవడం ఒక ఎత్తు, బ్రేకు వేసినప్పుడు ముందుభాగం తిన్నగా దిగడం ఒక ఎత్తు. అది ఎప్పటినుంచి వంకరగా దిగుతోందో మరి, మెల్లమెల్లగా వచ్చింది కాబట్టి నాకు అలవాటైపోయినట్టుంది.

అడిగినవాళ్లందరికీ "రైడ్ అస్సలు గట్టిగా ఉండదు" అని చెబుతూ వచ్చాను. అది నేనొక్కణ్ణే కూర్చున్నప్పుడు, రోడ్డు బాగున్నప్పుడు. వెనక ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుంటే పరిస్థితి వేరు. మా ఇంట్లోవాళ్లు దూరప్రయాణానికి ఈ కారు వద్దంటారు, నేనూ వాదించను. ఎత్తు మార్చడం తేలిక అని కూడా అన్నాను. ఇప్పుడు బ్రాకెట్‌ని బిగించి ఉంచే లాక్ కాలర్లు (రింగులు) మరలకు పట్టేశాయి. ఉక్కు బాడీ మీద అల్యూమినియం కాలర్, మధ్యలో నీళ్లూ మట్టీ చేరితే ఇలాగే అవుతుంది. కేడబ్ల్యూ అనే సస్పెన్షన్ కంపెనీ వాళ్లవాటిలా స్టెయిన్‌లెస్ స్టీల్ బాడీ అయ్యుంటే ఈ తిప్పలు తక్కువ. నైలాన్ బ్రష్షుతో రుద్ది, నూనె పట్టించి, ఒక రాత్రి వదిలేస్తే కదులుతున్నాయి. ఎత్తు మార్చిన ప్రతిసారీ టో (చక్రాల ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారుతుంది, కాబట్టి అలైన్‌మెంట్ ఖర్చు వేరే.

ఇప్పుడు అమ్మకానికి పెట్టాలనుకుంటున్నాను. ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది మొదటి మాటే "ఫైనల్ ఎంత అన్నా?". ఒకతను మాత్రం ధర ఊసెత్తకుండా, స్ప్రింగు తీసేసి షాఫ్ట్ నొక్కి వదిలే వీడియో పంపమన్నాడు. బేరం కుదిరితే అతనికే ఇవ్వాలని ఉంది.

కొనాలా వద్దా అంటే, మీ కారు ఎక్కువగా మీరొక్కరే నడిపితే, నైట్రోజన్ నింపి డ్యాంపర్ విప్పగల షెడ్డు మీకు అందుబాటులో ఉంటే, కొనొచ్చు. ఇంట్లో అందరికీ ఉన్నది ఆ ఒక్క కారే అయితే నేనైతే వద్దనే చెబుతాను. ట్రాక్ డేలకే వాడేవాళ్లకు 8 కిలోల స్ప్రింగు మెత్తగా అనిపించొచ్చు, కారు బరువుని బట్టి చూసుకోవాలి. సంచిలో పాత కాగితాలు రెండూ పెడుతున్నాను, ఈ రిపేరు వివరాలు రాసిన మూడోది కూడా. సీల్ కిట్టు కొత్తది తెప్పించాను. డస్ట్ బూట్లు నాలుగూ మార్చాను. ధర మరీ తగ్గించమంటే సి-స్పానర్లలో ఒకటి నా దగ్గరే ఉంచుకుంటాను.