నాగా కొండల ట్రిప్పు: రోడ్లు ఘోరం, మనుషులు బంగారం

గుంటూరు నుంచి మేం నలుగురం నాగాలాండ్ వెళ్లాం. ట్రావెల్స్ వాళ్లు ఇచ్చిన గైడు అక్కడి కోన్యాక్ అనే నాగా తెగ కుర్రాడే కావడంతో మోన్ జిల్లా పల్లెల్లో ఎవరింటికెళ్లినా పొయ్యి పక్కన కూర్చోబెట్టి పాలు లేని టీ ఇచ్చారు. అక్కడి లోంగ్వా అనే ఊళ్లో ఆంగ్ ఇల్లు తప్పకుండా చూడండి, ఆంగ్ అంటే వంశపారంపర్యంగా వచ్చే ఊరి పెద్ద, ఆ ఇంటి మధ్యలోంచే మయన్మార్ సరిహద్దు పోతుంది. అక్కడ ముఖమంతా పచ్చబొట్లున్న తాత ఒకాయన, మెడలో చిన్న చిన్న ఇత్తడి తలల దండ, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఒకప్పుడు శత్రువుల తలలు నరికి తెచ్చి, దానికి గుర్తుగా ఆ పచ్చబొట్లు వేయించుకున్న తరంలో మిగిలింది కొద్దిమందే, వెళ్లాలనుకుంటే ఆలస్యం చేయకండి.

ఖోనోమా అనే ఊరు కూడా బాగుంది, 1998లో ఊరివాళ్లే వేట మానేసి అడవిని అభయారణ్యం చేసుకున్నారట, వినగానే దణ్ణం పెట్టాలనిపించింది.

నాకు కోపం వచ్చింది మాత్రం టైమింగ్ దగ్గర. ట్రావెల్స్ వాళ్లు ఐదు గంటల దారి అన్నారు, గుంతల్లో తొమ్మిది పట్టింది, అమ్మ నడుం పట్టేసింది. ముందే నిజం చెబితే మధ్యలో ఆగేవాళ్లం కదా! ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటివాళ్లు నాగాలాండ్‌లోకి వెళ్లడానికి తీసుకోవాల్సిన అనుమతి) పని మాత్రం వాళ్లే చక్కగా చూశారు.

రాజా మిర్చి, అంటే అక్కడి విపరీతమైన కారం మిరపకాయ, దాని పచ్చడితో జాగ్రత్త, మన గుంటూరు కారం అలవాటున్నా సరే గోరంత చాలు.