లొంబార్డీనా, వాల్షా? కోచ్‌గా ఎవరి దారి మేలు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో గొప్ప కోచ్ ఎవరంటే ముందుగా వినిపించే పేరు విన్స్ లొంబార్డీ. లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ విజేతకిచ్చే ట్రోఫీయే ఆయన పేరు మీద ఉంది. గ్రీన్ బే ప్యాకర్స్‌తో 9 సీజన్లలో 5 లీగ్ టైటిళ్లు గెలిచారు. శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ కోచ్ బిల్ వాల్ష్ 10 సీజన్లలో గెలిచింది 3. టైటిళ్ల లెక్కే కొలత అయితే ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ కోచింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ఎవరి దారి పట్టాలి అంటే, నా ఓటు వాల్ష్‌కే.

లొంబార్డీ 1913లో బ్రూక్లిన్‌లో పుట్టారు. న్యూజెర్సీలోని ఒక హైస్కూల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, లాటిన్ పాఠాలు చెబుతూ పిల్లల జట్టును నడిపారు. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో కోచ్ రెడ్ బ్లేక్ కింద పనిచేసి, ఆ తర్వాత న్యూయార్క్ జెయింట్స్‌లో అసిస్టెంట్‌గా ఉండి, 45 ఏళ్ల వయసులో గ్రీన్ బేకి హెడ్ కోచ్‌గా వచ్చారు. 1958లో 12 ఆటల్లో ఒక్కటే గెలిచిన జట్టు అది. ఆయన వచ్చిన మొదటి ఏడాదే 7 గెలిచింది. అక్కడ ఉన్నన్నాళ్లూ గెలుపుల కంటే ఓటములు ఎక్కువైన సీజన్ ఒక్కటీ లేదు.

ఆయన ఆయుధం ఒక్కటే ఎత్తు: పవర్ స్వీప్. బంతి కదలగానే జెర్రీ క్రేమర్, ఫజ్జీ థర్స్టన్ అనే ఇద్దరు గార్డులు (ముందు వరుసలో అడ్డుకునే ఆటగాళ్లు) తమ చోటు వదిలి పక్కకు పరుగెత్తి, వెనక బంతి పట్టుకొచ్చే పాల్ హార్నంగ్‌కి దారి తెరిచేవాళ్లు. ఎదురొచ్చినవాణ్ణి వాడు ఎటు ఒరిగితే అటే నెట్టేయడం గార్డుల పని. ఏర్పడిన సందు చూసి లోపలికి దూరడమా, బయటి నుంచి వెళ్లడమా అన్నది హార్నంగ్ ఇష్టం. స్వీప్ వస్తోందని అవతలి జట్టుకు తెలిసినా ఆపలేకపోయేది. ఆ ఒక్క ఎత్తు గురించే లొంబార్డీ గంటల తరబడి బోర్డు దగ్గర నిలబడి చెప్పేవారు. ఆయనకు ఆట అంటే కొద్ది పనుల్ని తప్పు దొర్లనంతగా సాధన చేయించడం.

వాల్ష్‌ది మరో తీరు. ఈయన తొలి హెడ్ కోచ్ కొలువు 1957లో కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లోని వాషింగ్టన్ హైస్కూల్లో. ఇవాళ తెలుగు కుటుంబాలు బోలెడన్ని ఉన్న ఊరే. అసలు మలుపు మాత్రం సిన్సినాటి బెంగాల్స్‌లో అసిస్టెంట్‌గా ఉన్నప్పుడు. 1969లో ఆ జట్టుకు గ్రెగ్ కుక్ అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆటను నడిపేవాడు) దొరికాడు, దూరంగా విసరడంలో దిట్ట. ఆ ఏడాదే భుజం దెబ్బతింది. అతని చోట ఆడాల్సి వచ్చిన వర్జిల్ కార్టర్‌కి అంత బలమైన చెయ్యి లేదు. గురి మాత్రం ఉంది, పాదాల చురుకు ఉంది. వాల్ష్ అతని మీద పాత ఆట రుద్దలేదు. పొట్టి పాస్‌లతో, మైదానం వెడల్పంతా వాడుకుంటూ కొత్త ఆట అల్లారు. క్వార్టర్‌బ్యాక్ మూడడుగులో ఐదడుగులో వెనక్కి వేసి, కాలు ఆనగానే బంతి వదలాలి. ఆ క్షణానికి బంతి అందుకునే రిసీవర్ అక్కడికి చేరి, అందుకున్న ఊపులోనే పరుగు తీయాలి. 1971లో పాస్‌ల కచ్చితత్వంలో లీగ్ మొత్తానికీ కార్టరే ముందున్నాడు. ఉన్న మనిషికి తగ్గట్టు ఆటను కుట్టడం, కొలత తీసి చొక్కా కుట్టినట్టు. ఇదే నన్ను వాల్ష్ వైపు లాగింది.

ఇంత చేసినా, 1975 సీజన్ తర్వాత బెంగాల్స్ హెడ్ కోచ్ పాల్ బ్రౌన్ తప్పుకుంటూ హెడ్ కోచ్ పదవి వేరొకరికి ఇచ్చారు. వాల్ష్ వెళ్లిపోయారు. 1979లో ఫార్టీనైనర్స్ పగ్గాలు పట్టిన మొదటి ఏడాది 2 గెలుపులు, 14 ఓటములు. ఈ విషయంలో లొంబార్డీ దారికే మార్కులు వేయాలి. వాల్ష్ పద్ధతి కుదురుకోవడానికి టైమ్ పడుతుంది, అంత ఓపిక ఉన్న యజమాని కావాలి. అదే ఏడాది డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) 82వ ఆటగాడిగా తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ జో మోంటానాతో, 1981 సీజన్‌లో సూపర్ బౌల్ కొట్టారు. ఓడింది ఎవరో కాదు, సిన్సినాటి బెంగాల్సే. ఆ జట్టు కోచ్ ఫారెస్ట్ గ్రెగ్, ఒకప్పుడు లొంబార్డీ జట్టులో ఆడినవాడు!

ఎవరి దారి మేలో నేను తేల్చుకున్నది గురువు పక్కకు తప్పుకున్నాక ఏమైందో చూసి. 1967 సీజన్ తర్వాత లొంబార్డీ గ్రీన్ బే కోచ్ పదవి వదిలేశారు. మరుసటి ఏడాది ప్యాకర్స్ 6 గెలిచి 7 ఓడింది. ఆటగాళ్ల వయసు పైబడిన మాట నిజమే. కానీ ఆ తర్వాత ఆయన జట్టులో ఆడిన శిష్యులు బార్ట్ స్టార్, ఫారెస్ట్ గ్రెగ్ ఇద్దరూ అదే జట్టుకు కోచ్‌లుగా వచ్చి కూడా టైటిల్ తేలేకపోయారు. లొంబార్డీ గొంతు, కోపం, ప్రేమ కలిసి పనిచేసిన పద్ధతి అది. ఆ మనిషి లేకపోతే సగం ఖాళీ. వాల్ష్ 1989 జనవరిలో మూడో సూపర్ బౌల్ గెలిచి తప్పుకుంటే, ఆయన అసిస్టెంట్ జార్జ్ సీఫర్ట్ మరుసటి సీజన్లోనే సూపర్ బౌల్‌లో డెన్వర్‌ను 55-10తో చిత్తు చేశాడు. గ్రీన్ బేకి మళ్లీ సూపర్ బౌల్ తెచ్చిన మైక్ హోమ్‌గ్రెన్ కూడా వాల్ష్ దగ్గర పనిచేసినవాడే. హోమ్‌గ్రెన్ దగ్గర పనిచేసిన ఆండీ రీడ్ కాన్సాస్ సిటీకి మూడు సూపర్ బౌల్స్ సాధించి పెట్టాడు.

మనుషుల్ని చూసే తీరులో మాత్రం ఇద్దరిలో ఎవరినీ తగ్గించలేను. నల్లజాతి ఆటగాళ్లను రానివ్వని చోటికి తన జట్టులో ఒక్కరూ వెళ్లరని లొంబార్డీ గ్రీన్ బే వ్యాపారులకు తేల్చి చెప్పారు. వాల్ష్ 1987లో నల్లజాతి కోచ్‌లను తన శిక్షణ శిబిరానికి పిలిచి పని నేర్పే పథకం మొదలుపెట్టారు, తర్వాత దాన్ని లీగ్ అందుకుంది.

చివరగా, ఈ ఉద్యోగం మనిషిని తినేస్తుంది. లొంబార్డీ వాషింగ్టన్ జట్టుతో ఒక్క సీజన్ చేసి, 1970లో క్యాన్సర్‌తో 57 ఏళ్లకే పోయారు. వాల్ష్ అదే 57లో, గెలిచిన జట్టును వదిలేసేంతగా అలసిపోయారు. చేతికొచ్చిన జట్టు చెదిరిపోయి, ఈ సీజన్లోనే నిలబెట్టాల్సి వస్తే ముందు లొంబార్డీని చదవండి. రెండు మూడేళ్ల గడువు, నేర్చుకునే కుర్రాళ్లు ఉంటే వాల్ష్‌తో మొదలుపెట్టండి.