బ్యాంకాక్ సందుల్లో సైకిల్ మీద: టూరుకి నూటికి తొంభై, బుక్ చేసిన డెస్క్‌కి సున్నా

బ్యాంకాక్‌లో రోజంతా సైకిల్ టూరుకి మనిషికి 2,600 బాత్‌లు కట్టాం. మేం దిగిన హోటల్ లాబీలో ట్రావెల్ డెస్క్ వాళ్ళు రసీదు రాసిచ్చారు. మర్నాడు పొద్దున్నే టూరు వాళ్ళ ఆఫీసుకి వెళ్తే గోడ మీద బోర్డు కనిపించింది: ఫుల్ డే, లంచ్‌తో కలిపి 1,900. నలుగురికి 2,800 బాత్‌ల తేడా. మాకు పడిన రేటు బాత్‌కి 2 రూపాయల 70 పైసలు. అంటే సైకిల్ ఎక్కకముందే ఏడున్నర వేలు పోయాయి.

బుక్ చేసింది బావగారు. బెజవాడ బీసెంట్ రోడ్డులో ఐదొందలు చెప్పిన చొక్కాని మూడొందలకి తెచ్చే మనిషి. బోర్డు చూశాక ఆయన ముఖం చూసి మేమెవరం నోరెత్తలేదు. అక్క మాత్రం "సర్లెండి, ముందు ఆ హెల్మెట్ బకిల్ పెట్టుకోండి" అంది. ఆయన మాట్లాడకుండా పెట్టుకున్నారు. మధ్యాహ్నం దాకా అలాగే ఉన్నారు.

ఈ డెస్క్ సంగతి మళ్ళీ చెప్తాను. టూరు మాత్రం బాగుంది, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. డెస్క్ మీద కోపం గైడ్ మీద పడకూడదు.

గైడ్ ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. కటింగ్ చేయించుకున్న జుట్టు, మెడలో తువ్వాలు, ఇంగ్లీషు మెల్లగా, స్పష్టంగా. మా నలుగురితో పాటు ఒక జర్మన్ జంట. బయల్దేరే ముందు చెప్పింది రెండే ముక్కలు: నేను ఒక బెల్లు కొడితే ఎదురుగా మనుషులున్నారని, రెండు కొడితే ఆగమని. సైకిళ్ళకి గేర్లున్నాయి, బ్రేకులు కొత్తవి, సీటు ఎత్తు ఎవరిది వాళ్ళకి సరిచేశారు. అక్క కాలేజీ రోజుల తర్వాత సైకిల్ ముట్టింది లేదు. ఆఫీసు ముందున్న సందులోనే రెండు చుట్లు కొట్టించి గానీ గైడ్ కదల్లేదు. నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది అక్కడే.

మొదట తలాత్ నోయి. చైనాటౌన్ పక్కనే, నది ఒడ్డున ఉన్న పాత పేట. ఇంటి ముందు వరండాల్లో పాత ఇంజన్లు, గేర్‌బాక్సులు, బేరింగులు గుట్టలుగా పోసి ఉంటాయి. దారి పొడుగునా గ్రీజు వాసన. ఆ గుట్టల మధ్య తుప్పు పట్టిన బుల్లి ఫియట్ కారు ఒకటుంది, దాని ముందు ఫోటోలకి క్యూ. మా ఆయన మెకానికల్ ఇంజనీరు. ఫియట్‌ని వదిలేసి ఓ షాపు ముందు కారు చక్రాలు తిప్పే పళ్ళ గేర్ల పెట్టె, డిఫరెన్షియల్‌ని చూస్తూ నిలబడిపోయాడు. షాపు పెద్దాయనకి ఇంగ్లీషు రాదు, ఈయనకి థాయ్ రాదు. అయినా వేళ్ళతో పళ్ళ లెక్క చెప్పుకుంటూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. గైడ్ రెండు బెల్లులు కొట్టి, తర్వాత మూడోది కూడా కొట్టింది. ఆ పక్కనే సో హెంగ్ తాయ్ అనే పాత చైనా వాళ్ళ మండువా ఇల్లుంది. నడిమి వాకిట్లో ఈత కొలను తవ్వి స్కూబా డైవింగ్ నేర్పుతారు. టేకు స్తంభాలు, చెక్కిన గుమ్మాలు, మధ్యలో డైవింగ్ గాలి సిలిండర్లు. కూల్ డ్రింక్ కొనుక్కుంటే లోపలికి పోనిచ్చారు.

1782లో థాయ్ రాజు మొదటి రాముడు (రామా I) రాజధానిని నదికి ఈవలి ఒడ్డుకి మార్చినప్పుడు, ఇప్పుడు గ్రాండ్ ప్యాలెస్ ఉన్న చోట చైనా వర్తకులు ఉండేవారట. వాళ్ళని ఖాళీ చేయించి సంపెంగ్ వైపు పంపించారు. నేటి చైనాటౌన్ అలా మొదలైంది. గైడ్ ఈ కథ చెప్పింది సంపెంగ్ సందు మొదట్లో, సైకిళ్ళు దిగి నడిపించుకుంటూ. తొక్కడానికి చోటు లేదు. తోపుడు బళ్ళు, మూటలు మోసే కుర్రాళ్ళు, మధ్యలోంచి మోటారు సైకిళ్ళు. ఆ సందు పగలు సైకిల్‌తో వెళ్ళే చోటు కాదు, టూరులోంచి తీసేయొచ్చు.

పాక్ ఖ్లాంగ్ తలాత్ పూల మార్కెట్లో అక్కకి ప్రాణం లేచొచ్చింది. నా నడుం ఎత్తు బంతిపూల మూటలు, తామర మొగ్గలు, మల్లెమొగ్గల దండలు. దండ 20 బాత్‌లకి కొని తల్లో పెట్టుకుంది. అమ్మే ఆవిడ నవ్వాపుకోలేక పక్కావిడని పిలిచి చూపించింది. అక్కడ ఆ దండలు దేవుడికీ, కార్ల అద్దాలకీ కట్టేవి. అక్క తీయలేదు. ఆ హెల్మెట్ కింద మల్లెపూలు సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి.

అక్కడినించి సైకిళ్ళతో సహా రేవు పడవెక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళాం. టూరు మొత్తంలో నాకు బాగా నచ్చింది ఈ కుడీ చీన్ పేటే. 1767లో పాత రాజధాని అయుత్థయ బర్మా వాళ్ళ చేతిలో నాశనమయ్యాక తాక్సిన్ రాజు థోన్‌బురిని రాజధాని చేసుకున్నాడు. ఆయన పక్షాన పోరాడిన పోర్చుగీసు వాళ్ళకి 1769లో ఇక్కడ స్థలం ఇచ్చాడు. వాళ్ళు కట్టుకున్న సాంటా క్రూజ్ చర్చి ఇప్పటికీ ఉంది. ఇప్పుడున్న కట్టడం మాత్రం 1916 నాటిది. చర్చికి ఒక పక్క కువాన్ అన్ కెంగ్ చైనా గుడి, అది దాటితే పదిహేను మీటర్లకి పైగా ఎత్తున్న బుద్ధుడు కూర్చున్న వాత్ కల్యాణమిత్, కాస్త లోపలికి వెళ్తే బాంగ్ లువాంగ్ మసీదు. ఆ మసీదుకి గుమ్మటం లేదు, మీనార్లు లేవు. థాయ్ గుడి కప్పుతో తెల్లగా ఉంటుంది. బోర్డు చదివితే గానీ మసీదని తెలియదు. ఇవన్నీ సైకిల్ మీద పావుగంట లోపు దూరం. బస్సు టూరులో వచ్చేవాళ్ళు చాలామంది వీటిని చూడరు, ఆ సందుల్లోకి ఆటో కూడా రాదు.

వాత్ కల్యాణమిత్ దగ్గర బావగారి నిక్కరు మోకాళ్ళ పైకి ఉంది. గైడ్ తన బ్యాగులోంచి ఏనుగు బొమ్మల లుంగీ తీసి ఇచ్చింది. డబ్బులడగలేదు. పొద్దుటినించి ఆయన నవ్వింది అప్పుడే.

కుడీ చీన్ సందు ఎంత ఇరుకంటే రెండు వైపులా వంటిళ్ళు మోచేతికి తగుల్తాయి. ఒక ఇంట్లో ఖనోమ్ ఫరాంగ్ అనే కేకు చేస్తున్నారు. బాతుగుడ్లు, మైదా, పంచదార అంతే. వెన్న లేదు, ఈస్ట్ లేదు. పైన ఎండుద్రాక్ష, పాకం పట్టిన బూడిద గుమ్మడికాయ ముక్కలు. బయట పెళుసుగా, లోపల స్పాంజిలా ఉంది. ప్యాకెట్ 50 బాత్‌లు. మా ఆయనా నేనూ రెండు ప్యాకెట్లు అక్కడే తినేశాం. అక్క గుడ్డు ముట్టదు. "మీరు తినండర్రా" అని పైనున్న గుమ్మడికాయ ముక్క ఒక్కటి తీసుకుని, దాన్ని కూడా వాసన చూసి నాకే ఇచ్చేసింది.

తర్వాత లాంగ్‌టెయిల్ అనే పొడుగాటి మోటారు పడవలో ముప్పావు గంట నది మీద. చివర్లో సైకిళ్ళు, ముందు మనం. చల్లగాలి, పెద్ద పెద్ద హోటళ్ళు, పోర్టు క్రేన్లు. బావుంది.

దిగింది బాంగ్ క్రచావోలో. మ్యాపులో చూస్తే నది ఓ మెలిక తిరిగి, మధ్యలో పచ్చగా పొట్లం కట్టినట్టు కనిపించే నేల అదే. ఎదురు ఒడ్డున ఆకాశహర్మ్యాలు, ఇక్కడ కొబ్బరి తోటలు, బురద కాలవలు. కాలవల మీద కాంక్రీటు దారులు, మనిషి ఎత్తులో, రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకరు దిగాల్సినంత వెడల్పు. చాలా చోట్ల రెయిలింగ్ లేదు, మలుపులు తొంభై డిగ్రీలు. నాకైతే పండగలా ఉంది. అక్క సగం దూరం సైకిల్ నడిపించుకుంటూనే వచ్చింది. ఒక చోట దారి కిందినించి నాలుగడుగుల నీటి ఉడుము పాక్కుంటూ వెళ్ళింది. "ఏమే, మొసలే!" అని అక్క అరిచిన అరుపుకి జర్మన్ ఆయన బ్రేకు వేసి పక్కనున్న అరటి చెట్టుకి ఆనుకున్నాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఉడుమే భయపడింది.

ఇక లంచ్. డెస్క్ వాళ్ళు చూపించిన బ్రోషర్లో సగం పేజీ ఒకటే ఫోటో: తేలే మార్కెట్, పడవల్లో ముసలమ్మలు, పెనం మీద కొబ్బరి పిండివంటలు. 'మార్కెట్‌లో మీకు నచ్చింది తినొచ్చు, శాకాహారం ఉంది' అని నోటితో కూడా చెప్పారు. అందుకే అక్క ఈ టూరుకి ఒప్పుకుంది. మేం వెళ్ళింది బుధవారం. బాంగ్ నామ్ ఫుయెంగ్ మార్కెట్ శని, ఆదివారాల్లో జరుగుతుంది. షెడ్ల కింద బల్లలు బోర్లించి ఉన్నాయి, వాటి మీద కుక్కలు పడుకున్నాయి. బుధవారానికి బుక్ చేస్తూ ఆ ఫోటో చూపించినవాళ్ళకి ఇది తెలియదంటే నేను నమ్మను.

మార్కెట్ లేదు కాబట్టి ఒక చిన్న హోటల్లో ముందే కట్టించిన ఫ్రైడ్ రైస్ డబ్బాలు. మాంసం లేదు గానీ చేపల సాస్ ఉంది. మూత తీయగానే తెలిసింది. అక్క మూత పెట్టేసి "నాకాకలిగా లేదు" అంది. పొద్దుటినించి పాతిక కిలోమీటర్లలో సగం తొక్కిన మనిషికి ఆకలి లేకపోవడమేమిటి! బావగారు లేచి గైడ్ మీదికి వెళ్ళారు. ఆవిడ వాదించలేదు. మా బుకింగ్ కాగితం తీసి చూపించింది: నలుగురికి లంచ్ అని ఉంది, శాకాహారమని ఎక్కడా లేదు. డెస్క్ వాళ్ళు పంపనే లేదు.

ఆవిడ సైకిలెక్కి ఎటో వెళ్ళి, పది నిమిషాల్లో తిరిగొచ్చి అక్కని రమ్మంది. నేనూ వెళ్ళాను. రెండు సందుల అవతల ఒక ఇల్లు, ముందు రెండు బల్లలు, పైన పసుపు జెండా, దాని మీద ఎర్రగా 17 అంకెలా కనిపించే థాయ్ అక్షరాలు, 'జే' అని. ఆ జెండా ఉంటే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. వేడి అన్నం, సోయా సాస్‌లో వేయించిన తూటికూర, టోఫు, పుట్టగొడుగుల పులుసు, చివర కొబ్బరిపాలు పోసిన జిగురు బియ్యం అన్నంతో మామిడిపండు. ఇద్దరికీ 180 బాత్‌లు. గైడ్ తన పర్సులోంచి ఇవ్వబోతే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. ఈ యాత్ర మొత్తంలో అక్క రెండోసారి అన్నం పెట్టించుకున్నది అక్కడే. సాయంత్రం ఆవిడకి 500 బాత్‌లు టిప్ ఇచ్చాం, ఆ పని చేసింది బావగారే.

వెనక్కి వ్యాన్‌లో తెచ్చారు. ట్రాఫిక్‌లో గంటంబావు. ఆ టైములో మాట్లాడినవాళ్ళు లేరు, నడుములు అలా ఉన్నాయి.

హోటల్‌కి రాగానే డెస్క్ దగ్గర అరగంట. అక్కడి అమ్మాయి రెండు చేతులూ జోడించి నవ్వుతూ 700 మా సర్వీస్ చార్జి అంది. ఫోటో సంగతి అడిగితే బ్రోషర్ అడుగున చీమలంత అక్షరాలు చూపించింది: చిత్రాలు ఉదాహరణకు మాత్రమే. శాకాహారం ఎందుకు రాయలేదంటే, 'సారీ' అని మళ్ళీ చేతులు జోడించింది. బావగారు గొంతు పెంచుతుంటే మేనేజర్ వచ్చాడు. చివరికి డబ్బు రాలేదు. అరగంట ఫుట్ మసాజ్ కూపన్ ఇచ్చారు, అదీ ఒక్క మనిషికి.

వెళ్ళేవాళ్ళకి నా మాట. ఈ టూరుకి 1,900 ఇవ్వొచ్చు, నాకైతే దండగ అనిపించదు. 2,600 మాత్రం ఇవ్వకండి. హోటల్ డెస్క్ జోలికి పోకుండా నేరుగా టూరు వాళ్ళకే మెసేజ్ పెట్టండి. శని, ఆదివారాల్లోనే వెళ్ళండి. శాకాహారులైతే 'జే' అని బుకింగ్‌లో రాయించి, ఆ రాసిన కాగితం ఫోటో తీసుకోండి. మేం వెళ్ళిన ఫిబ్రవరిలో ఎండ పరవాలేదు గానీ గాల్లో దుమ్ము పొగ బాగా ఉంటుంది, ఆయాసం ఉన్నవాళ్ళు ఆ నెలలు మానుకోవడం మంచిది. మోకాళ్ళ నొప్పులుంటే పొద్దుటి పూట సగం టూరు చాలు, కుడీ చీన్ దాకా. బాంగ్ క్రచావో ఒక్కటే కావాలంటే గైడ్ అక్కర్లేదు. అక్కడ కలిసిన బెంగళూరు కుర్రాళ్ళు ఖ్లాంగ్ తోయి రేవులో చిన్న పడవెక్కి దాటి, అవతల రోజుకి 100 బాత్‌లకి సైకిళ్ళు అద్దెకి తీసుకున్నారు. మాకైన ఖర్చు చెప్తే వాళ్ళు మర్యాదకి నవ్వలేదు.

ఫుట్ మసాజ్ కూపన్ అక్కకిచ్చేశాం. బావగారు ఫోన్ పట్టుకుని ఆ హోటల్‌కి ఒక స్టార్ రివ్యూ రాస్తానని కూర్చున్నారు. బ్రేక్‌ఫాస్ట్ బాగుంది కదండీ, ఇంకో స్టార్ ఇవ్వండని అక్క. ఇంకా తేలలేదు.