వినికిడి దారిలో నిరోధానికి ఏది మేలు: గ్లైసిన్ గ్రాహకమా, గాబా గ్రాహకమా?

గ్లైసిన్, గాబా అనేవి న్యూరాన్లు (నాడీకణాలు) పక్క కణాన్ని అణచడానికి విడుదల చేసే రసాయన ప్రసారకాలు; ఆ అణచివేతే నిరోధం, ఆ రసాయనాలను అందుకునే ప్రోటీన్లే గ్రాహకాలు. న్యూరాన్‌ను అణచడానికి గ్లైసిన్ గ్రాహకం ఉండగా గాబా-ఎ గ్రాహకం ఎందుకు, రెండింటిలో ఏది మేలు అని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. రెండూ అయిదేసి ఉపభాగాలతో ఏర్పడిన క్లోరైడ్ అయాన్లు దాటే ద్వారాలే. మొదటిదాన్ని స్ట్రిక్నిన్ అనే విషం, రెండోదాన్ని బైకుక్యులిన్ అనే రసాయనం అడ్డుకుంటాయి. ఇంత పోలిక ఉన్నవాటి మధ్య ఎంపికకు, తెరుచుకున్న ద్వారం ఎంత త్వరగా మూసుకుంటుందన్నదే నా దృష్టిలో అసలు గీటురాయి.

పక్కనుంచి వచ్చే శబ్దం ఒక చెవిని కాస్త ముందు చేరుతుంది. మనిషి తలకు ఆ తేడా మహా అయితే 600 నుంచి 700 మైక్రోసెకన్లు. అందులో 10 మైక్రోసెకన్లంత చిన్న తేడాను కూడా మనం పసిగట్టగలం. రెండు చెవుల సంకేతాలను పోల్చి చూసే చోటు మెదడు కాండంలోని ఆలివ్ కేంద్రకం. అక్కడికి గ్లైసిన్‌ను పంపే న్యూరాన్లను ఉత్తేజపరిచేది, హాన్స్ హెల్డ్ 1893లో వర్ణించిన, గిన్నెలా చుట్టుకునే పెద్ద సినాప్స్ (రెండు న్యూరాన్ల మధ్య సంధి). వినికిడి పరిణతి చెందాక ఈ గ్లైసిన్ ప్రవాహం ఒకటి రెండు మిల్లీసెకన్లలో సద్దుమణుగుతుంది. 500 హెర్ట్జ్ స్వరానికి ఒక్కో ఆవృత్తి (అల ఒకసారి పూర్తయ్యే కాలం) 2 మిల్లీసెకన్లే కనుక, నిదానంగా మూసుకునే గాబా-ఎ ద్వారం అక్కడ ఉంటే ఒక ఆవృత్తి నిరోధం తర్వాతి ఆవృత్తిలోకి ఒలికిపోతుంది. జెర్బిల్ ఎలుకలలో స్ట్రిక్నిన్‌తో ఈ నిరోధాన్ని ఆపినప్పుడు, న్యూరాన్లు ఎక్కువగా స్పందించే, రెండు చెవుల మధ్య కాలభేదం సున్నా వైపు జరిగినట్లు 2002లో ప్రచురితమైన ప్రయోగం చూపింది. దాని అర్థంపై వాదన మాత్రం ఇంకా తెగలేదు.

పుట్టిన కొత్తలో ఎలుక పిల్లలలో ఇవే సినాప్స్‌లు ఎక్కువగా గాబాపై ఆధారపడి, సుమారు రెండు వారాలలో, అంటే చెవులు తెరుచుకునే వేళకు, గ్లైసిన్ వైపు మళ్లుతాయి. ఆ తర్వాత మిగిలే కొద్ది గాబాకూ ఒక చిత్రమైన ఉద్యోగం ఉంది: అది గ్లైసిన్ గ్రాహకానికే బలహీనంగా అతుక్కుని, ప్రవాహం మరింత త్వరగా ముగిసేలా చేస్తుంది. ప్రత్యర్థి చేత చాకిరీ చేయించుకోవడమంటే ఇదే.

అయితే పైకి వెళ్లే కొద్దీ లెక్క మారుతుంది. మధ్యమెదడులోని శ్రవణ కేంద్రంలో దాదాపు నాలుగో వంతు న్యూరాన్లు గాబాను విడుదల చేసేవే. శ్రవణ కార్టెక్స్‌లో, అంటే వినికిడికి చెందిన మెదడు పైపొరలో, నిరోధం ప్రధానంగా గాబాదే. శబ్దం ఎంతసేపు సాగింది, ఎంత తీవ్రతకు ఎంత స్పందించాలి అన్నవి తేల్చే చోట నిదానం లోపం కాదు. పైగా గాబా-ఎ గ్రాహకానికి క్షీరదాలలో 19 రకాల ఉపభాగాలు ఉన్నందువల్ల, ఎక్కడి అవసరానికి తగిన కూర్పు అక్కడ కుదురుతుంది.

ఇక గాబా-బి గ్రాహకం ద్వారం కాదు, కణంలోపల సంకేతాన్ని అందించే జి-ప్రోటీన్ ద్వారా నెమ్మదిగా పనిచేసేది. ప్రసారకం విడుదలను తగ్గించడంలో పనికొస్తుంది కానీ ఈ పోటీలోకి రాదు.