ఉమ్మడి కంటైనర్‌లో బొబ్బిలి వీణలు: ఏడేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

విజయనగరంలోని మా చిన్న దుకాణం నుంచి బొబ్బిలి వీణలను, బుడితి ఇత్తడి సామాన్లను విదేశాల్లోని తెలుగు సంగీత గురువులకు, కుటుంబాలకు పంపడం నా వృత్తి. 2018 చివరి నుంచి ఇప్పటివరకు 26 లోడ్లను ఎల్‌సీఎల్ పద్ధతిలో, అంటే ఒకే కంటైనర్‌లో పలువురి సరుకు కలిపి పంపే పద్ధతిలో, ఎక్కువగా ఇంగ్లండ్‌లోని ఫెలిక్స్‌టో రేవుకు, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు పంపాను. ఇరవై అడుగుల కంటైనర్‌లో దాదాపు 33 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది. నా సరుకు ఏనాడూ నాలుగు దాటలేదు. కాబట్టి ఈ పద్ధతి లేకపోతే నాకు ఈ వ్యాపారమే లేదు. ఆ కృతజ్ఞతతోనే రాస్తున్నాను గానీ, ఇందులో సముద్రం మీద పెట్టే ఖర్చు కంటే రెండు గట్ల మీద పెట్టే ఖర్చు, పడే జాప్యం ఎక్కువని ముందే తెలిసి ఉంటే నా మొదటి రెండేళ్లు మరోలా ఉండేవి.

ముందుగా లెక్క. ఈ రంగంలో ఘనపు మీటరును సీబీఎం అంటారు. ఒక సీబీఎంను వెయ్యి కిలోలకు సమానంగా తీసుకుని, సరుకు ఘనపరిమాణం, బరువు ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ కడతారు. ఎంత తక్కువ పంపినా సాధారణంగా ఒక సీబీఎంకు తగ్గించరు. నాలుగు వీణలు పట్టే మా పెట్టె 150 సెంటీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 80 ఎత్తు, అంటే 1.2 సీబీఎం. బరువు మాత్రం 110 కిలోలే. ఇత్తడి సంగతి వేరు: అన్ని వైపులా 60 సెంటీమీటర్లున్న పెట్టె 0.216 సీబీఎం మాత్రమే అయినా, ఒకదానిలో ఒకటి దూర్చిన బిందెలు, చెంబులతో 260 కిలోలు తూగుతుంది. రెండింటినీ విడివిడిగా పంపితే 2.2 సీబీఎంకు కట్టాలి. ఒకే చిరునామాకు ఒకే బిల్లు మీద పంపితే మొత్తం 1.42 సీబీఎంకే సరిపోతుంది. చోటు మింగే సరుకును, బరువు తూగే సరుకును జత చేయడం నేర్చుకున్న రోజు నుంచే నాకు ఈ వ్యాపారంలో నాలుగు రూపాయలు మిగిలాయి. టేపు పట్టేటప్పుడు పెట్టె అడుగున కొట్టిన దిమ్మలను, పైకి పొడుచుకొచ్చిన బద్దను కూడా కలిపి కొలుస్తారన్న సంగతి పెట్టె చేయించేటప్పుడే గుర్తుంచుకోవాలి.

ఇక అవతలి గట్టు ఖర్చు. కొందరు ఫార్వర్డర్లు, అంటే సరుకు రవాణా ఏర్పాటు చేసే ఏజెంట్లు, సముద్రపు ఛార్జీని దాదాపు సున్నాకు తగ్గించి చూపుతారు. ఆ తగ్గించినదంతా దిగుమతి రేవులోని గోదాములో, కంటైనర్ విప్పి సరుకు వేరు చేసినందుకు, కాగితాలు ఇచ్చినందుకు, రేవు నిర్వహణకు అంటూ రాబట్టుకుంటారు. 2019లో నేను సీఐఎఫ్ ధరకు అమ్మిన లోడుకు, అంటే రేవు వరకు కిరాయి, బీమా నేనే భరించిన లోడుకు, లెస్టర్‌లోని ఒక సంగీత గురువుగారు నేను ఇక్కడ కట్టిన దానికి మూడు రెట్లు అక్కడ కట్టవలసి వచ్చింది. ఆవిడ ఒక్క మాట కూడా కటువుగా అనలేదు. అందుకే ఆ బాధ మరింత మిగిలింది. అప్పటి నుంచి అవతలి ఛార్జీల పట్టిక రాతపూర్వకంగా రానిదే బుకింగ్ ఇవ్వడం లేదు. ఆ పట్టిక అడిగితే నసిగే ఫార్వర్డర్‌ను వెంటనే వదిలేయడం మంచిది.

కాగితాల విషయం ఒకసారి కుదురుకుంటే తర్వాత ఇబ్బంది పెట్టదు. కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారు) నంబరు, రేవులో బ్యాంకు ఏడీ కోడ్ (బ్యాంకు శాఖ గుర్తింపు సంఖ్య) నమోదు, పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి జీఎస్టీ ఎల్‌యూటీ (హామీపత్రం), ఇవన్నీ మా కస్టమ్స్ బ్రోకరే దగ్గరుండి చేయించారు. ఆస్ట్రేలియాతో వాణిజ్య ఒప్పందం 2022 డిసెంబర్ 29న అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఆ దేశానికి వెళ్లే ప్రతి లోడుకు, సరుకు మన దేశంలో తయారైనదని చెప్పే మూల ధ్రువపత్రం జత చేస్తున్నాను. దానితో కొనుగోలుదారుకు సుంకం మినహాయింపు దక్కుతుంది.

చెక్క పెట్టె విషయంలో మాత్రం గట్టి దెబ్బ తిన్నాను. మొదటి లోడుకు మా వీధి వడ్రంగి చేత మామిడి చెక్కతో ముచ్చటైన పెట్టెలు చేయించి, లారీలో విశాఖపట్నం పంపాను. సరుకు కలిపి కంటైనర్‌లో నింపే గోదాము వాళ్లు పెట్టె నలువైపులా చూసి, ముద్ర లేదని వెనక్కి పంపేశారు. విదేశాలకు వెళ్లే ప్యాకింగ్ చెక్కను నడిమి భాగం వరకు 56 డిగ్రీల వేడి 30 నిమిషాల పాటు అందేలా కాచి, లేదా ఆమోదించిన మరో పద్ధతిలో శుద్ధి చేసి, గోధుమ కంకి బొమ్మ ఉన్న ఐపీపీసీ (అంతర్జాతీయ మొక్కల రక్షణ ఒప్పందం) ముద్ర వేయాలన్నది అంతర్జాతీయ నియమం. చెక్కలో దాగిన పురుగు మరో దేశపు అడవులకు పాకకుండా ఈ జాగ్రత్త. ప్లైవుడ్‌కు ఈ నియమం వర్తించదు. ఇప్పుడు మా పెట్టెలు ప్లైవుడ్‌వి, కింద దిమ్మలు మాత్రం ముద్ర వేసినవి.

అన్నిటికంటే ఎక్కువగా నేను నేర్చుకున్నది మైనం గురించి. వీణ దండి మీద 24 ఇత్తడి మెట్లను మైనం, బొగ్గుపొడి కలిపిన ముద్దలో నిలబెట్టి, ఒక్కొక్క స్వరాన్ని చెవితో సరిచూస్తూ బిగిస్తారు. దీన్నే మేళం కట్టడం అంటారు. 2019 మే నెలలో పంపిన రెండు వీణలను మెల్‌బోర్న్‌లో విప్పి ఫొటోలు పంపారు. పనస చెక్క చెక్కుచెదరలేదు, వీణ చివర చెక్కిన, సింహాన్ని పోలిన యాళి ముఖం మీద రంగు కూడా పోలేదు. కానీ పై స్థాయి మెట్లు నాలుగు ఒక పక్కకు వాలి, నల్లటి మైనం దండి అంచు దాటి జారి, చుట్టిన గుడ్డకు అంటుకుపోయింది. ఎండలో నిలిచిన ఇనుప కంటైనర్‌లో వేడి 50 డిగ్రీలు దాటుతుంది. తేనె మైనం పూర్తిగా కరగడానికి 62 డిగ్రీలు కావాలి గానీ, మెత్తబడి జారడానికి అంత అవసరం లేదు. ఆ ఫొటోలు తీసుకుని, బొబ్బిలి దగ్గర వీణలు చేసే ఊరు గొల్లపల్లి వెళితే, వీణ చేసిన పెద్దాయన చాలాసేపు చూసి, "మైనం ఒళ్లు ఇడిసేసినాది బాబూ, సెక్క తప్పు కాదు, నీ తప్పూ కాదు" అన్నారు. మెల్‌బోర్న్‌లో మేళం కట్టేవారు దొరకడమంటే మాటలు కాదు. మొత్తం కంటైనర్ మనదైతే ఓడలో ఎండ తగలని చోట పెట్టమని కోరవచ్చు; పంచుకున్న కంటైనర్‌లో ఆ మాట అడిగే హక్కు మనకు ఉండదు. ఈ పద్ధతిలో నాకు కనిపించిన అసలైన లోటు ఇదే. అప్పటి నుంచి వీణలను నవంబరు, జనవరి నెలల మధ్య మాత్రమే పంపుతున్నాను, మెట్ల వరుస మీద మెత్తటి స్పాంజి పట్టీ కట్టి, మెట్లు సరిచేయాల్సి వస్తే వాడుకోవడానికి పెట్టెలో మైనం ముద్దను కూడా పెడుతున్నాను. తేమకు సిలికా జెల్ సంచులు వాడుతున్నాను. రాత్రి చల్లబడ్డప్పుడు కంటైనర్ పైకప్పు నుంచి నీటి బొట్లు రాలుతాయి కనుక పెట్టె లోపల పాలిథిన్ పొర తప్పనిసరి.

పొరుగు సరుకు మన అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. ఒకసారి అదే కంటైనర్‌లోని మరొకరి కాగితాల్లో తేడా వచ్చి కస్టమ్స్ వారు కంటైనర్ మొత్తాన్ని ఆపేయడంతో, నా కాగితాలన్నీ సక్రమంగా ఉన్నా తొమ్మిది రోజులు ఎదురుచూశాను. మరోసారి ఎవరి ఇంటి సామానులోనో ఆవకాయ జాడీ పగిలి, ఆ నూనె నా పెట్టె అడుగున జానెడు మేర ఎర్రగా ఇంకింది. వీణ వరకు రాలేదు.

సమయం గురించి ఎవరికీ తేదీ చెప్పి మాట ఇవ్వకండి. నా సరుకు చాలాసార్లు కొలంబోలో విప్పి, వేరే కంటైనర్‌లోకి మారింది. 2023 చివర ఎర్ర సముద్రంలో దాడుల వల్ల ఓడలు ఆఫ్రికా దక్షిణ కొన చుట్టూ తిరిగి వెళ్లడం మొదలయ్యాక, ఫెలిక్స్‌టోకు మరో రెండు వారాలు కలిపి చెబుతున్నాను.

బీమా ఖర్చు స్వల్పం, దాన్ని మాత్రం వదులుకోవద్దు. 2024 మార్చిలో అమెరికాలోని బాల్టిమోర్ వంతెనను ఢీకొన్న డాలీ ఓడ విషయంలో జనరల్ యావరేజ్ ప్రకటించారు. ఆ నియమం కింద, ఓడను కాపాడేందుకు అయిన ఖర్చులో ఏ నష్టం జరగని సరుకు యజమానులు కూడా వాటా కట్టాలి, కట్టేవరకు సరుకు చేతికి రాదు. 2025 మే 25న కొచ్చి సమీపంలో 640 కంటైనర్లతో మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా 3 వార్త చూసిన రోజున, నాకు అందులో సరుకు లేకపోయినా, అప్పటికి ప్రయాణంలో ఉన్న ఇత్తడి లోడు పాలసీని తీసి మళ్లీ చదువుకున్నాను. ఇన్‌వాయిస్ విలువకు కిరాయి, బీమా ఖర్చు కలిపి, దానిమీద 10 శాతం చేర్చి, దాదాపు అన్ని రకాల నష్టాలకూ వర్తించే 'ఏ' క్లాజు కిందే బీమా చేయిస్తాను. దాంతోపాటు పెట్టె మూత బిగించే ముందు ప్రతి మెట్టు కనిపించేలా ఫొటో తీసి, గొల్లపల్లి పెద్దాయనకు ఒకటి, కొనుగోలుదారుకు ఒకటి పంపిన తర్వాతే లారీకి ఫోన్ చేస్తాను.