1918 రూపాయా, 1945 రూపాయా?

బ్రిటిష్ కాలపు ఈ వెండి రూపాయి నాణేలు రెండూ 11.66 గ్రాములే. కాబట్టి తూకం చూసి తేడా పట్టలేం. ఐదో జార్జ్ బొమ్మ ఉన్న 1918 రూపాయిలో వెండి 91.7 శాతం, అంటే దాదాపు 10.7 గ్రాములు. ఆరో జార్జ్ 1945 రూపాయిలో సగమే వెండి, 5.83 గ్రాములు. యుద్ధకాలం కదా, 1940 నుంచే వెండి తగ్గించేశారు.

వెండి కోసమైతే కళ్లు మూసుకుని 1918దే కొనండి. సేకరణకైతే నా మనసు 1945 మీదే: అందులో కొన్ని లాహోర్‌లో ముద్రించినవి, ‘ఎల్’ గుర్తు ఉంటుంది. అంచు మీద గీతల మధ్య సన్నటి గాడి కూడా చూడండి, నకిలీలను అడ్డుకోవడానికి పెట్టిందే అది. దయచేసి ఏదీ చింతపండుతో తోమకండి. వెండి మీద ఏళ్లుగా పట్టిన ఆ నల్లదనం పోతే విలువా పోతుంది. పీవీసీ కవర్లు అసలే వద్దు, నాణెం మీద పచ్చటి జిగురు పడుతుంది.